ఎకనామిక్స్ డిగ్రీకి 15 లక్షల అప్పు: హనుమకొండ బీఏనా, ప్రైవేటు యూనివర్సిటీనా, ఏది మేలు?

పోయిన నెల పరకాలలో అక్కావాళ్లింటికి వెళ్లాను. అన్నాలు తిన్నాక బావ బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో మూడు కాగితాలున్నాయి. మొదటిది హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ లెటర్: బీఏ ఎకనామిక్స్, మూడేళ్లు. రెండోది ఫీజులు, హాస్టల్ ఖర్చుల పట్టిక: అన్నీ కలిపి 18 లక్షలు. మూడోది బ్యాంకులో రాయించుకొచ్చిన చీటీ. 15 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కు ఏమేం కావాలో అందులో వరుసగా ఉంది. చివర్లో 'తండ్రి సంతకం' అన్న చోట బావ పెన్నుతో రెండుసార్లు గీత గీసుకున్నాడు.

"నువ్వు గీ చదువే చదివినవ్ గదా. గింత అప్పు తెచ్చి పిల్లను ఎకనామిక్స్ చదివిస్తే రేపు తీరుతదా? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

మేనకోడలు ఇంటర్ ఎంఈసీలో (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) మంచి మార్కులతో పాసైంది. లెక్కలంటే భయం లేదు. సీఏ వద్దు, ఎకనామిక్సే చదువుతానని రెండేళ్లుగా అంటోంది. ఆ చదువే నాకు అన్నం పెడుతోంది కాబట్టి వద్దనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ కవర్ చూసి అప్పటికప్పుడు సరే అనడానికీ నోరు రాలేదు. తర్వాత రెండు ఆదివారాలు కూర్చొని లెక్కలు వేశాను. ఈ జూన్‌లో ఇలాంటి కవర్ ముందు పెట్టుకొని కూర్చున్న ఇళ్లు వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు చాలానే ఉంటాయి కాబట్టి అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎకనామిక్స్‌లో డిగ్రీని అప్పు లేకుండా దాటాలి. అప్పు చేయక తప్పదనుకుంటే దాన్ని పీజీకి దాచుకోవాలి. ఎందుకంటే ఈ సబ్జెక్టులో జీతం తలుపు తెరుచుకునేది పీజీ దగ్గర.

ఇది ఇంజినీరింగ్‌కు పూర్తిగా వేరు. మన వరంగల్‌లో కళ్ల ముందే ఎన్‌ఐటీ ఉంది. నాలుగేళ్లు చదివితే క్యాంపస్‌లోనే ఉద్యోగం అన్న లెక్క మన ఇళ్లలో అలా పాతుకుపోయింది. ఏ డిగ్రీ పేరు చెప్పినా 'ప్యాకేజీ ఎంత?' అనే అడుగుతాం. ఎకనామిక్స్‌లో మూడేళ్ల బీఏకు విడిగా తలుపు తీసే ఉద్యోగాలు తక్కువ. కేంద్ర ప్రభుత్వం ఎకనామిస్టులను తీసుకునే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. అందులో మొదటి బేసిక్ 56,100 రూపాయలు. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగం గ్రేడ్-బి పోస్టులకూ పీజీ కావాలి. 2025 నోటిఫికేషన్ ప్రకారం గ్రేడ్-బి మొదటి బేసిక్ 78,450, ఇంటి అద్దె అలవెన్సు కాకుండానే కోతలకు ముందు మొత్తం నెలకు దాదాపు లక్షన్నర. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీతో పాటు నెట్ లేదా సెట్ అర్హత పరీక్ష పాసై గాని, పీహెచ్‌డీ గాని ఉండాలి. యూజీసీ స్కేలులో మొదటి బేసిక్ 57,700. జూనియర్ లెక్చరర్‌కూ పీజీ కావాల్సిందే. ప్రైవేటులో రీసెర్చ్ సంస్థలు, కన్సల్టెన్సీలు, రేటింగ్ కంపెనీలు ఎకనామిస్ట్ అని పేరు పెట్టి తీసుకునే ఉద్యోగాలకూ అంతే.

బీఏ పట్టాతోనే రాయగలిగేవి బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్), గ్రూప్స్ లాంటివి. పీఓ మొదటి బేసిక్ ఇప్పుడు 48,480. గ్రూప్-2లో మూడో పేపర్ మొత్తం ఎకానమీయే కాబట్టి మనవాళ్లకు అక్కడ కొంత ముందడుగు ఉంటుంది. కానీ ఈ పరీక్షల దరఖాస్తులో ఏ కాలేజీ డిగ్రీ అన్నది మార్కులు తేదు. హనుమకొండ సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో చదివినా, ఏడాదికి ఐదారు లక్షలు పోసి చదివినా ప్రశ్నపత్రం ఒకటే.

పత్తి క్వింటాళ్లలో లెక్క

రూపాయల్లో చెప్తే బావకు 15 లక్షలు, 20 లక్షలు అన్నీ ఒకేలా వినిపించాయి. అందుకే ఆయనకు తెలిసిన లెక్కలోకి మార్చాను.

ముందు అప్పు. ఏడాదికి 5 లక్షల చొప్పున మూడేళ్లు బ్యాంకు కడుతుంది. వడ్డీ, మా దగ్గర మిత్తి అంటాం, 10.5 శాతం అనుకుందాం. చదివినన్నాళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ (ఈఎంఐ) కట్టనక్కర్లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు: కట్టనక్కర్లేదంటే మిత్తి పెరగదని కాదు. మొదటి 5 లక్షలకు నాలుగేళ్లు, రెండో విడతకు మూడేళ్లు, మూడో విడతకు రెండేళ్లు మిత్తి లెక్కపడుతుంది. మొత్తం 4,72,500. అంటే కిస్తీ మొదలయ్యే రోజుకు 15 లక్షల అప్పు 19,72,500 అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 26,600. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 21,800, కానీ చివరికి కట్టేది 39 లక్షలు దాటుతుంది.

ఇప్పుడు పత్తి. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110. నెలకు 26,600 అంటే ఏడాదికి 3,19,000 పైనే. ఆ ధరకు అది 39 క్వింటాళ్ల పత్తి. బావకున్నది నాలుగెకరాలు. ఎకరానికి ఏడు క్వింటాళ్లు దిగితే ఆయన దేవుడికి దండం పెట్టుకుంటాడు. అంటే 28 క్వింటాళ్లు. ఎరువులు, మందులు, కూలీలు ఏవీ తీయకుండా, తేమ పేరుతో ఒక్క రూపాయి కోత పడకుండా, పంట మొత్తం వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలినా ఏడాది కిస్తీలకు 11 క్వింటాళ్లు తక్కువ పడుతుంది.

ఈ లెక్క రాసిన కాగితాన్ని బావ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. మళ్లీ మళ్లీ '39' దగ్గరికే ఆయన చూపు వెళ్లింది. అక్క వచ్చి లైటు వేసేదాకా ఎవరం మాట్లాడలేదు.

అమ్మాయికి ఉద్యోగం వస్తే తనే కడుతుంది కదా అనొచ్చు. నిజమే, అదే ఆశ. హైదరాబాద్‌లో నా చుట్టూ చూస్తున్నదాన్ని బట్టి చెప్తాను. మంచి ప్రైవేటు యూనివర్సిటీ నుంచి బీఏ ఎకనామిక్స్‌తో వచ్చిన పిల్లలకు అనలిస్టు ఉద్యోగం దొరికితే మొదట్లో చేతికి 35 నుంచి 40 వేలు వస్తున్నాయి. అంతకంటే ఎక్కువ తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు క్లాసులో ముందు వరుస పిల్లలు. 38 వేలల్లో 26,600 కిస్తీ పోతే మిగిలేది 11,400. లేడీస్ హాస్టల్‌కు, బస్సుకు, ఫోన్‌కు అది చాలదు. ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు సరే, ఇంటి నుంచే ఇంకా తెప్పించుకోవాలి.

నా పక్క సీటులో పనిచేసే అమ్మాయిది సరిగ్గా ఇదే కథ. 14 లక్షల లోన్‌తో డిగ్రీ చేసింది. మొదటి ఉద్యోగంలో ఏడాదిన్నర పాటు సగం కిస్తీ తనూ, సగం వాళ్ల నాన్నా కట్టారు. నాలుగో తారీఖు సాయంత్రానికి ఆమె ముఖంలో టెన్షన్ కనిపించేది, ఐదున కోత కాబట్టి. తర్వాత పీజీ చేయాలనుకుంటే పాత లోన్ నడుస్తుండగా ఉద్యోగం మానలేకపోయింది. ఆ మాట ఆమె నాతో చెప్పినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది. డబ్బు కష్టం ఒక ఎత్తు. డిగ్రీకి చేసిన అప్పు పీజీకి అడ్డం పడటం ఇంకో ఎత్తు. ఎకనామిక్స్ చదివేవాళ్లకు ఈ రెండోదే అసలు దెబ్బ.

హనుమకొండ దారి: చవక, కానీ ఊరికే రాదు

ఇప్పుడు రెండో వైపు. రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్ ద్వారా హనుమకొండలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గాని, కాకతీయ యూనివర్సిటీ కాలేజీలో గాని బీఏలో చేరితే ఫీజు వేలల్లోనే ఉంటుంది. దానికీ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కుటుంబ ఆదాయం బీసీలకైతే పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకూ ఒక హద్దు ఉంది. పరకాల నుంచి రోజూ వచ్చిపోయినా 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మూడేళ్ల డిగ్రీ దాదాపు పుస్తకాల ఖర్చుతో అయిపోతుంది.

ఆ తర్వాత రెండేళ్ల ఎంఏ. కాకతీయ, ఉస్మానియాల్లో సీటుకు సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు క్యూట్ పీజీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, బెంగళూరులో అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ యూనివర్సిటీ ఉన్నాయి. వీటిలో ఫీజులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్, మెస్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ అన్నీ కలిపి 3 లక్షల అప్పు చేశారనుకుందాం. అదే 10.5 శాతం మిత్తితో కిస్తీ మొదలయ్యేనాటికి 3,78,750 అవుతుంది. ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,140. ఏడాదికి 12 క్వింటాళ్ల పత్తి. అమ్మాయికి ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైనా బావ ఊపిరి పీల్చుకోగలడు.

ఇంకో మాట. మన ఊళ్లలో చదువుకని నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. 3 లక్షలకు ఆ లెక్కన నెలకు 6,000 మిత్తే కట్టాలి, అసలు ఒక్క రూపాయి తగ్గదు. బ్యాంకుకు ఇంకో 2,140 కలిపి కడితే ఐదేళ్లకు అసలూ మిత్తీ రెండూ మాయం. బ్యాంకు చుట్టూ తిరగలేక షావుకారు దగ్గరికి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ తిరిగాను. నా ఎంఏకు 2 లక్షల లోన్ కోసం ఒక బ్రాంచికి ఆరుసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగేవారు. ఏడోసారి కావాల్సినవన్నీ ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమని అడిగాను. ఆ వారమే లోన్ వచ్చింది.

అయితే ఈ దారికి మెరుగులు దిద్ది చెప్పడం నాకిష్టం లేదు. నేను నడిచిన దారి కాబట్టి గుంతలు ఎక్కడున్నాయో తెలుసు.

మొదటి గుంత లెక్కలు. మన దగ్గర ఎక్కువ కాలేజీల్లో బీఏ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. మూడేళ్లు లెక్కల జోలికే పోకుండా పట్టా వచ్చేస్తుంది. పీజీ ఎంట్రన్స్‌కు కూర్చున్నప్పుడు కాలిక్యులస్, మ్యాట్రిక్స్, ప్రాబబిలిటీ ఎదురొస్తాయి. నాకు అదే జరిగింది. సెంట్రల్ యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్ ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలు కొలిచే సబ్జెక్టు) క్లాసులో బోర్డు మీద ఉన్నది ఏ భాషో కూడా అర్థం కాలేదు. ఇంటర్ లెక్కల పుస్తకం మళ్లీ తెప్పించుకొని రాత్రుళ్లు మొదటి నుంచి చేశాను. అందుకే మ్యాథ్స్ గాని స్టాటిస్టిక్స్ గాని కలిసిన బకెట్ (సబ్జెక్టుల కూర్పు) దొరికితే దాన్నే పట్టుకోవాలి. లేకపోతే కనీసం కంప్యూటర్ అప్లికేషన్స్ ఉన్నది తీసుకొని లెక్కలు ఇంట్లో చేసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా ఉన్నాయి. డేటా లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్ ఆర్, పైథాన్ రెండూ ఉచితమే.

రెండోది క్లాసులు. కొన్ని చోట్ల సార్లు బాగా చెప్తారు. నాకు మైక్రో ఎకనామిక్స్ చెప్పిన సార్ బోర్డు మీద ఒక్క డిమాండ్ గీత గీసి ఎనుమాముల మిర్చి రేటుతో గంట చెప్పేవారు, ఆయన వల్లే నేను ఈ సబ్జెక్టులో ఉన్నాను. కొన్ని చోట్ల పోస్టు ఖాళీగానే ఏడాది గడుస్తుంది. చేరే ముందు సీనియర్లను అడగాలి, వెబ్‌సైట్‌ను కాదు.

మూడోది రీయింబర్స్‌మెంట్ బకాయిలు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరితే ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని చివర్లో టీసీ, మెమోలు ఆపి ఫీజు అడిగే సందర్భాలు ఉన్నాయి. పీజీ అడ్మిషన్ గడువు నెత్తి మీద ఉండగా ఇలా జరిగితే అప్పటికప్పుడు చేబదులు వెతకాల్సిందే. ప్రభుత్వ కాలేజీని నేను ముందు చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

నాలుగోది ఇంగ్లిష్, మాట్లాడే ధైర్యం. ఇది చిన్న విషయం కాదు. ఎంఏలో మొదటి ప్రెజెంటేషన్ రోజు నా కాళ్లు వణికిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. ఆ వణుకు పోవడానికి ఒక ఏడాది పట్టింది. ప్రైవేటు యూనివర్సిటీ పిల్లలకు ఆ ఏడాది కలిసొస్తుంది.

కానీ మనకూ చేతిలో ఒకటి ఉంది. నా మొదటి ఇంటర్వ్యూలో వాళ్లు నా మార్కుల గురించి ఎక్కువ అడగలేదు. ఎంఏ ప్రాజెక్టు కింద ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు సీజన్‌లో ఎలా పడతాయో, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోగల రైతుకూ పెట్టుకోలేని రైతుకూ తేడా ఎంతో రాశాను. నలభై నిమిషాలు దాని గురించే అడిగారు. ఏ మార్కెట్‌లో రోజు ధర ఎంతో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా బడ్జెట్‌తో పాటు రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ ఇస్తుంది. మన మార్కెట్ మన వాకిట్లో ఉంది. తెల్లవారుజామున యార్డులోకి వెళ్లి ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి పత్తి తీసి తేమ చూసే తీరు కళ్లారా చూసిన పిల్లకు ధర ఎలా పుడుతుందో తెలుస్తుంది.

ఆ రెండేళ్ల జీతం సంగతి

ఇక్కడ ఒక లెక్క వదిలేస్తే నేను ప్రైవేటు యూనివర్సిటీ దారికి అన్యాయం చేసినట్టే. అక్కడ చదివిన అమ్మాయి మూడేళ్లకే ఉద్యోగంలో చేరుతుంది. హనుమకొండ దారిలో వెళ్లిన అమ్మాయి అప్పటికి ఎంఏ మొదటి ఏడాదిలో ఉంటుంది. రెండేళ్ల జీతం, నెలకు 38 వేల చొప్పున, 9 లక్షలు దాటుతుంది. అది నిజమైన డబ్బే.

కానీ అందులోంచి హైదరాబాద్ బతుకు ఖర్చు తీయాలి. రెండో ఏడాది నుంచి కిస్తీ తీయాలి. మిగిలేది పెద్దగా ఉండదు. రెండేళ్ల తర్వాత ఎంఏ అమ్మాయి మంచి చోట చదివి ఉంటే 45 నుంచి 60 వేల మధ్య మొదలుపెడుతుంది, ఇది కూడా నేను చూస్తున్నదాన్ని బట్టే. 8,140 కిస్తీ పోను కనీసం 36,860 ఆమె చేతిలో ఉంటుంది. బీఏ అమ్మాయికి రెండు ఇంక్రిమెంట్లు పడి 45 వేలకు వచ్చినా కిస్తీ పోను 18,400. ఈ తేడా ఒక నెలది కాదు, అప్పు తీరేదాకా ప్రతి నెలా ఉంటుంది.

మరి ప్రైవేటు యూనివర్సిటీ ఎవరికీ పనికిరాదా అంటే అలా అనను. ఫీజులో పెద్ద మొత్తం స్కాలర్‌షిప్‌గా వచ్చి అప్పు ఐదారు లక్షల లోపు ఆగితే నేను మేనకోడలిని అక్కడికే పంపమంటాను. అక్కడ రెండో ఏడాదిలోనే ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటవుతుంది, పక్కన కూర్చునే పిల్లలు నాలుగు ఊళ్లు చూసొచ్చినవాళ్లై ఉంటారు. ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసి కుటుంబ ఆదాయం ఆధారంగా ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి అడిగారా అంటే బావ అడగలేదన్నాడు. అలాంటివి ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడ్మిషన్ కోసం రోజుకు రెండుసార్లు ఫోన్ చేసే కౌన్సెలర్ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులై, 18 లక్షలు పొదుపులోంచే కట్టగలిగితే ఈ లెక్కల్లో సగం వాళ్లకు వర్తించవు. నేను రాస్తున్నది నాలుగెకరాల ఇళ్ల గురించి, చిన్న దుకాణం ఇళ్ల గురించి.

లండన్ లెక్కలు మనకెందుకు అతకవు

మేనకోడలు నన్ను ఒక మంచి ప్రశ్న అడిగింది. "మామా, బ్రిటన్‌లో ఎకనామిక్స్ చదివినోళ్లే ఎక్కువ సంపాదిస్తరట గదా. అప్పు చేసి చదివినా లాభమే అంటున్నరు."

అది నిజమే. 2020లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ లెక్క కట్టింది. డిగ్రీ చదివినందుకు పన్నులు, లోన్ కోతలు పోను జీవితకాలంలో అదనంగా మిగిలేది సగటున మగవాళ్లకు 1,30,000 పౌండ్లు, ఆడవాళ్లకు 1,00,000 పౌండ్లు. ఎకనామిక్స్ చదివిన మగవాళ్లకు అది 5 లక్షల పౌండ్ల దగ్గర ఉంది, ఆడవాళ్లకు రెండున్నర లక్షలు దాటింది. మెడిసిన్ పక్కన నిలబడగలిగిన చదువు ఇది. అయితే అదే నివేదికలో ఇంకోటి ఉంది: ఐదుగురిలో ఒకరు డిగ్రీ చేయకపోయి ఉంటేనే డబ్బు పరంగా బాగుండేవారు.

అసలు తేడా వేరేచోట ఉంది. ఇంగ్లండ్‌లో పిల్లలు తీసుకునే స్టూడెంట్ లోన్ మన లోన్ లాంటిది కాదు. 2023 ఆగస్టు తర్వాత చేరినవాళ్లకు ఏడాది జీతం 25,000 పౌండ్లు దాటితేనే, దాటిన దాంట్లో 9 శాతం జీతంలోంచి కోస్తారు. జీతం దానికి లోపు ఉంటే కట్టేది సున్నా. ఉద్యోగం పోతే కోత ఆగిపోతుంది. 40 ఏళ్లు గడిచాక ఎంత మిగిలినా మాఫీ. తండ్రి సంతకం అక్కర్లేదు, ఇల్లు కుదువ పెట్టనక్కర్లేదు. అలాంటి అప్పు అయితే 15 లక్షలకు నేనూ సరే అనేవాణ్ని.

మన లోన్‌కు జీతంతో పని లేదు, తారీఖుతోనే పని. ఉద్యోగం వచ్చినా రాకపోయినా కిస్తీ మొదలవుతుంది. కట్టకపోతే అమ్మాయి సిబిల్‌తో పాటు తండ్రి సిబిల్ కూడా పడిపోతుంది, రేపు ఆయన పంట రుణానికి వెళ్తే అక్కడ ఇబ్బంది. కాబట్టి వాళ్ల జీతాల లెక్క తెచ్చి మన అప్పు పక్కన పెట్టకూడదు. పెడితే వాళ్ల అప్పు కూడా పక్కనే పెట్టాలి.

ఇక మనవాళ్లు అక్కడికి పీజీకి వెళ్లే సంగతి. వాళ్లకు ఆ లోన్ రాదు, ఇక్కడి లోనే. ఏడాది ఎంఎస్సీకి 35 లక్షలు 11 శాతానికి తీసుకుంటే కిస్తీ మొదలయ్యేసరికి 42,70,000. పదేళ్లకు నెలకు దాదాపు 58,800. అక్కడే ఉద్యోగం దొరికితే తీరుతుంది. కానీ చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. ఆ తర్వాత నిలబడాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు జీతం హద్దు 2025 జూలైలో 41,700 పౌండ్లకు పెరిగింది. ఉద్యోగం దొరక్క తిరిగొస్తే ఇక్కడి జీతంతో 58,800 కట్టడం ఏ తండ్రికైనా నరకమే. విదేశీ పీజీ మనసులో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి చూడాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 20 లక్షల దాకా ఇస్తుంది. అది చేతికి రాకుండా ఎకనామిక్స్ పీజీకి విమానం ఎక్కమని నేను చెప్పలేను.

అప్పు తప్పదనుకుంటే

ఏడున్నర లక్షల దాకా లోన్‌కు బ్యాంకులు చాలావరకు ఆస్తి అడగవు. దాటితే మామూలుగా అడుగుతారు, సాగు భూమిని సాధారణంగా ఒప్పుకోరు. ఇల్లో, ప్లాటో చూపించమంటారు. పీఎం విద్యాలక్ష్మి పథకం 2024 నవంబర్‌లో వచ్చింది. అందులో ఎంపిక చేసిన సంస్థల్లో చేరితే ఆస్తి, హామీదారు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా లోన్ మీద, కిస్తీలు మొదలయ్యేదాకా మిత్తిలో 3 శాతం రాయితీ వస్తుంది, ఏటా లక్ష మందికి మాత్రమే. మీ పిల్లకు సీటిచ్చిన ప్రైవేటు యూనివర్సిటీ జాబితాలో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. లేకపోతే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు ముందుకొస్తాయి, వాళ్ల మిత్తి ఎక్కువ.

చదువుతున్నన్నాళ్లు వీలైతే నెలనెలా మిత్తి వరకైనా కట్టేయండి. 3 లక్షల లోన్‌కు అది నెలకు 2,625 దాటదు. పీజీకి 7 లక్షల లోన్ అయినా పదేళ్లకు కిస్తీ 12 వేల లోపే పడుతుంది, మంచి సంస్థ అయితే దానికి నేను భయపడను. నేను పెట్టుకున్న కొలత ఒకటే: కిస్తీ మొదటి ఉద్యోగం జీతంలో నాలుగో వంతు దాటకూడదు. ఆ జీతం కౌన్సెలర్ చెప్పిన అంకె కాకూడదు. అదే కోర్సు రెండేళ్ల క్రితం ముగించిన, క్లాసులో మధ్య వరుసలో కూర్చున్న ముగ్గురిని అడిగి తెలుసుకున్నదై ఉండాలి.

ఇవన్నీ చెప్పాక నిర్ణయం వాళ్లకే వదిలేశాను. మేనకోడలికి కష్టంగానే ఉంది. ఆ క్యాంపస్ ఫొటోలు ఫోన్‌లో దాచుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్లకు 39 క్వింటాళ్ల లెక్క ముందు పెట్టడం నాకూ కష్టంగానే అనిపించింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తనే ఫోన్ చేసింది.

"మామా, హనుమకొండల మ్యాథ్స్ ఉన్న బీఏ బకెట్ ఏ కాలేజీల ఉంది?"

కనుక్కుంటున్నాను. బావ మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు పెట్టాడు. ఆ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్ ఇస్తారా అని మెయిల్ కూడా రాయించాను, జవాబు ఇంకా రాలేదు.